చూడకుండా రాసిన ఇరవై

నాకు ఒక పిల్లను చూస్తే కడుపు మండేది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రిటైరైన నర్సులు రాసుకునే జ్ఞాపకాల్లో అందరూ దేవతలే ఉంటారు, చదివి చదివి నాకు విసుగొచ్చింది. నేను దేవతను కాను. పాతబస్తీలో ఒక పెద్ద సర్కారు దవాఖానాలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ఆడవాళ్ళ వార్డుకు హెడ్ నర్సుగా దిగిపోయిన మనిషిని. ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలు, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరం ఈ గల్లీల్లోనే తిరుగుతున్నాం. రేపు బోనాలకు లాల్‌దర్వాజా గుడి దగ్గర ఎదురుపడితే ముఖాలు చూసుకోవాలి కదా.

నా రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్ళుందనగా ఒక సర్క్యులర్ వచ్చింది. నర్సులకు ఆరు వారాల పైస్థాయి శిక్షణ. పాథోఫిజియాలజీ, పేషెంట్ అసెస్‌మెంట్ అని పెద్ద పెద్ద మాటలున్నాయి అందులో. జబ్బు చేసినప్పుడు ఒంటి లోపల ఏం జరుగుతుంది, దాన్ని రోగిని చూసి, తాకి, విని ముందుగానే ఎట్లా పసిగట్టాలి, అదీ సంగతి. మా దవాఖానాకు ఒక్కటే సీటు. అది నాదేనని నేను అనుకున్నాను. మా వార్డు ఆయమ్మ కూడా అనుకుంది. దబీర్‌పురా నుంచి నడిచి వచ్చే మనిషి, నాతో ఇరవై ఏళ్ళుగా అదే వార్డులో ఉంది.

"నువ్వు పోతే ఆరు వారాలు వార్డంత ఆగమాగమైతది మేడమ్," అంది.

లోపల మురిసిపోయి, పైకి "ఏం గాదులే" అన్నాను. ఆ ఆదివారమే చార్మినార్ దగ్గరికి పోయి కొత్త చెప్పులు కొనుక్కున్నాను, క్లాసుకు వేసుకుని పోవడానికి.

లిస్టులో నా పేరు లేదు. మా వార్డులోనే, నా చేతికింద, ఆరేళ్ళ క్రితం చేరిన పిల్ల పేరు ఉంది. సన్నగా ఉండేది, మాట పైకి వచ్చేది కాదు. చేరిన కొత్తలో సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. ఆ చెయ్యి పట్టుకుని నరం ఎట్లా వెతకాలో నేర్పింది నేనే. అదే ఇంకా మండించింది. ఎవరో పరాయి వార్డు పిల్లయితే నాలుగు రోజులు గొణుక్కుని ఊరుకునేదాన్నేమో.

నర్సింగ్ సూపరింటెండెంట్ గదికి పోయాను. ఆమె నాకంటే రెండేళ్ళు సీనియర్. ఇవే వార్డుల్లో బకెట్లు మోసి పైకి వచ్చిన మనిషి.

"మేడమ్, నా సర్వీసు ముప్పై ఒక్క ఏండ్లు," అన్నాను.

"అందుకే సిస్టర్. నీకింక మూడేండ్లే ఉన్నది. ఆ పిల్ల నేర్చుకుంటే పాతికేండ్లు పనికొస్తది."

మాట న్యాయంగానే ఉంది. న్యాయమైన మాటకు బదులు చెప్పలేం, అందుకే అది ఎక్కువ మండుతుంది. ఏడవలేక నవ్వి బయటికొచ్చాను.

ఆ ఆరు వారాలూ నేను వార్డులో పెట్టిన లొల్లి ఆయమ్మకే తెలుసు. దుప్పటి మడత సరిగ్గా లేదని అరిచాను. మందుల ట్రేలో దూది తక్కువైందని అరిచాను. ఆ పిల్ల అక్కడ ఏసీ గదిలో కూర్చుని, ప్రొఫెసర్ల పాఠాలు వింటూ, మధ్యాహ్నం బిస్కెట్లతో చాయ్ తాగుతూ ఉంటుందని ఊహించుకుని ఊహించుకుని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

తిరిగొచ్చింది. మెడలో స్టెతస్కోపు! మా వార్డులో నర్సు మెడలో స్టెతస్కోపు ఎవరూ చూడలేదు. బీపీ కోసం ఒకటి ఉండేది, అది కూడా బీరువాలో. ఈ పిల్ల ప్రతి బెడ్డు దగ్గరా ఆగి, వీపు మీద పెట్టి వినేది, కాళ్ళ వాపు నొక్కి చూసేది, రోగితో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఏదో గమనించేది. వారం తిరక్కుండా పేషెంట్లు ఆమెను "డాక్టరమ్మా" అనడం మొదలుపెట్టారు. నన్ను ముప్పై ఏళ్ళుగా "సిస్టరమ్మా" అనే అన్నారు. పోనీ అది కూడా సరే. ఇరవై ఏళ్ళుగా తన మోకాళ్ళ నొప్పి సంగతి నాతో తప్ప ఇంకెవరితో చెప్పని ఆయమ్మ, ఒకరోజు ఆ పిల్ల ముందు స్టూలు మీద కూర్చుని చీర పైకి జరిపి మోకాలు చూపిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"క్యా మేడమ్, గట్ల చూస్తున్నవ్? పిల్ల మంచిగ చూస్తున్నది," అంది ఆయమ్మ.

"చూపించుకో, చూపించుకో. రేపు ఆపరేషన్ గూడ ఆమెతోనే చేయించుకో," అన్నాను.

ఇంతటితో ఆగితే బాగుండేది. నేర్చుకున్నది మాకూ చెప్పాలని సూపరింటెండెంట్ ఆర్డరు వేసింది. వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, పావుగంట క్లాసు. నేను నరం పట్టడం నేర్పిన పిల్ల నిలబడి చెబుతుంటే నేను బెంచీ మీద కూర్చుని వినాలి. రెండో క్లాసులో ఆమె మా వార్డు కేసు షీట్లు కొన్ని తెచ్చి మా ముందు పరిచింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ప్రతి పేషెంట్ షీటులో జ్వరం, నాడి, బీపీ, ఊపిరి అని నాలుగు గడులుంటాయి. మొదటి మూడూ మిషన్లు చెప్పేస్తాయి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్నది మాత్రం పక్కన నిలబడి, ఛాతీ చూస్తూ, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. నలభై బెడ్లు, ఇద్దరు ముగ్గురు నర్సులు. ఎవరు లెక్కపెడతారు? అందుకని ఆ గడిలో ఇరవై అని వేసేసేవాళ్ళం. మా సీనియర్లు వేశారు, మేం వేశాం, మా తర్వాత వచ్చినవాళ్ళకు మేమే చెప్పాం. ఎవరూ అడగలేదు. డాక్టర్లు కూడా ఆ గడి మీదుగా చూపు జారవిడిచి కింది గడికి పోయేవాళ్ళు.

ఆ పిల్ల మెల్లగా అంది. "మన వార్డుల నలభై మంది ఉన్నరు. ముసలోళ్ళున్నరు, ఆయాసపోళ్ళున్నరు, జ్వరమొచ్చినోళ్ళున్నరు. అందరు ఇరవై సార్లే ఊపిరి తీస్తున్నరు. చూడుర్రి."

క్లాసుకు వచ్చిన పక్క వార్డు నర్సులు పకపకా నవ్వారు. నవ్వుతూ షీట్లు చేతులు మార్చుకున్నారు. ప్రతి షీటు కింద నా సంతకం ఉంది.

"ఎవర్ని తప్పు పడతలేను," అని ఆ పిల్ల కంగారుగా అంది. "కాని ఒంట్ల చీము, విషం పెరిగినప్పుడు అన్నిటికంటె ముందు ఊపిరే చెప్తది. రక్తంల ఆమ్లం పెరుగుతది, దాన్ని బయటికి తోసెయ్యనీకి ఊపిరి ఉరుకుతది. బీపీ ఆఖరికి పడుతది. అది పడ్డదాంక మనం ఆగొద్దు. ఒక్క నిమిషం పూర్తిగ లెక్కపెట్టుర్రి, చాలు."

అందరూ తలూపారు. నేను మాత్రం గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. పావుగంట ఎప్పుడైపోతుందా అని.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన టీవీ చూస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని ఆయన ఛాతీ వైపు చూస్తూ లెక్కపెట్టాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి అప్పటికే రిటైరయ్యాడు. కాసేపటికి ఇబ్బందిగా కదిలాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్? ఏమన్న తప్పు చేసిన్నా?"

"నోరు మూసుకొని ఊపిరి తియ్యి."

పద్నాలుగు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను, పదిహేను. మా వార్డులో అడ్మిటై ఉంటే ఆయనకు కూడా ఇరవై వేసేదాన్ని. అంటే ఆ పిల్ల చెప్పింది నిజమని నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

తర్వాతి నెలలో ఒక పేషెంట్ వచ్చింది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మాలలు కట్టి అమ్మే మనిషి, యాభై దాటి ఉంటాయి. షుగరు. కాలి వేలు దగ్గర పుండు పడి, వాచి, ఎర్రబడి ఉంది. తోడుగా కోడలు వచ్చింది. రెండు రోజులుగా మందులు పడుతున్నాయి, బాగానే మాట్లాడుతోంది. కోడలి మీద అరుస్తోంది కూడా, అంటే ఆరోగ్యంగానే ఉన్నట్టు మా లెక్క.

మూడో రోజు ఉదయం డ్యూటీలో నేనూ ఆ పిల్లా ఉన్నాం. పది గంటలకు ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, గా పూలమ్మ ఊపిరి ఇరవై ఎనిమిదున్నది. రెండుసార్లు చూసిన. డాక్టర్‌ను పిలుద్దాం."

"జ్వరముందా?"

"లేదు."

"బీపీ?"

"మంచిగనే ఉన్నది మేడమ్. కాని మనిషి తేడాగున్నది. ఒకసారి మీరు వచ్చి చూడుర్రి."

లేచి పోయాను. పూలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు సగం మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఉత్త వేళ్ళతో మాల కడుతోంది. పువ్వు లేదు, దారం లేదు. వేళ్ళు మాత్రం చకచకా ముడులు వేస్తున్నాయి. నాకు నవ్వొచ్చింది.

"నలభై ఏండ్లు పూలు కట్టిన చెయ్యి. ఊరికె ఎట్లుంటది?" అన్నాను.

కోడలు నవ్వలేదు. "ఉత్త చేతులతోని గిట్ల ఎన్నడు చెయ్యలే అమ్మా. పొద్దుగాల నన్ను గుర్తువట్టలే," అంది.

"నిద్ర సరిగ్గ లేక," అన్నాను నేను.

"నిద్ర గాదు మేడమ్," అంది ఆ పిల్ల, నెమ్మదిగానే. కోడలి ముందు, పక్క బెడ్డు వాళ్ళ ముందు, ఆయమ్మ ముందు. "పుండు విషం మెదడు మీద పడుతున్నట్టున్నది."

నా ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా మాట కాదన్న జూనియర్ లేదు. టేబుల్ దగ్గరికి వచ్చి చూస్తే, షీటులో 28 అని రాసి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆ ఎర్ర సున్నా నన్ను వెక్కిరించడానికే చుట్టిందనిపించింది.

అప్పుడు ఒక పని చేశాను. పదకొండో బెడ్డు పేషెంట్‌ను ఎక్స్‌రేకు తీసుకుపోవాలి. అది ఆయమ్మ పని. ఎక్స్‌రే వేరే బిల్డింగులో, లైను ఎప్పుడూ బారెడు. "నువ్వే తీస్కపో," అని ఆ పిల్లతో అన్నాను. ఆయమ్మ నా ముఖం వంక చూసి తల దించుకుంది.

ఆ పిల్ల వీల్‌చైర్ అందుకుంది. "పోత మేడమ్. కాని అరగంటకోసారి పూలమ్మ ఊపిరి చూడుర్రి. డాక్టర్‌కు ఫోన్ చెయ్యుర్రి."

"నాకు నేర్పుతున్నవా?"

వీల్‌చైర్ తోసుకుని పోయింది.

నేను ఫోన్ చెయ్యలేదు. పదకొండింటికి షీట్లు నింపే వేళయింది. అన్నీ నా టేబుల్ మీదే ఉన్నాయి. కుర్చీలోంచి లేవకుండా ఒక్కొక్కటీ తీసి ఊపిరి గడిలో ఇరవై, ఇరవై అని వేసుకుంటూ పోయాను. పూలమ్మ షీటు వచ్చింది. ఎర్ర సున్నా పక్కన గడి ఖాళీగా ఉంది. ఆమె బెడ్డు నాకు పదడుగుల దూరంలో ఉంది. తలెత్తితే కనిపిస్తుంది. తలెత్తలేదు. ఇరవై అని రాశాను. మిగతా ఇరవైలు అలవాటు. ఆ ఒక్క ఇరవై మాత్రం కావాలని రాశాను.

పన్నెండింటికి డ్యూటీ డాక్టర్ వచ్చాడు. ఇంకా పీజీ చదువుతున్న కుర్రాడు, నిద్ర లేని కళ్ళు. షీటు చూశాడు. "ఇరవై ఎనిమిది ఉండెనా? తర్వాత ఇరవై. సెటిల్ అయింది కదా సిస్టర్?" అన్నాడు.

"ఆ, సార్," అన్నాను.

నా సంతకం చూసి నమ్మాడు. పక్క బెడ్డుకు పోయాడు.

ఒంటిగంట దాటాక ఆ పిల్ల తిరిగొచ్చింది. వీల్‌చైర్ గుమ్మంలోనే వదిలి నేరుగా పూలమ్మ దగ్గరికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. చేతి గడియారం పైకెత్తి నిలబడింది. నిమిషం కూడా నిలబడలేదు, కేక వేసింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి.

"మేడమ్! ఊపిరి నలభై దగ్గరున్నది! చేతులు సల్లగున్నయ్!"

లేచి బెడ్డు దగ్గరికి ఉరికాను. బీపీ మిషన్ అంకె చూపించడానికే తడబడింది. చూపించినప్పుడు పై అంకె డెబ్బైయే. వేళ్ళు మాల కట్టడం మానేశాయి. కోడలు "అత్తా, అత్తా" అని చెంపలు తడుతోంది. డాక్టర్ ఉరికొచ్చాడు. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకడం లేదు, అన్నీ లోపలికి పోయాయి. రెండుసార్లు గుచ్చాడు, రాలేదు. "జరుగు సార్," అని సూది లాక్కున్నాను. నాకు తెలిసిన ఒక్క విద్య అది. మోచేతి కింద వేలితో తడిమి, కళ్ళు మూసుకుని గుచ్చాను. రక్తం వచ్చింది.

"సీనియర్ సీనియరే సిస్టర్," అన్నాడు డాక్టర్.

మీరు నమ్మండి, నమ్మకపోండి, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఆ పిల్ల వైపు చూశాను, విన్నదా లేదా అని. స్ట్రెచర్ మీద ఐసీయూకు తీసుకుపోతుంటే కోడలు వంగి నా కాళ్ళకు మొక్కింది. "నీ పుణ్యం అమ్మా" అంది. నేను వద్దనలేదు. తల మీద చెయ్యి పెట్టాను.

పూలమ్మ బతికింది. ఎనిమిది రోజులు ఐసీయూలో ఉంది, రెండు కాలివేళ్ళు పోయాయి, కాని బతికింది. ఈ మాట ముందే రాస్తున్నాను, మీరు ఊరికే ఫికర్ పడకుండా. నా కథ అక్కడ ఆగలేదు.

నాలుగో రోజు సూపరింటెండెంట్ మా ఇద్దర్నీ పిలిచింది. ఐసీయూ డాక్టర్ షీటు చూసి అడిగాడట, పదింటికి ఇరవై ఎనిమిది, ఒంటిగంటకు నలభై, మధ్యలో ఇరవై ఎట్లా వచ్చిందని. షీటు ఆమె టేబుల్ మీద ఉంది.

"పదకొండుకు నిజంగ ఇరవై ఉండెనా?" అని ఆ పిల్లను అడిగింది.

ఒక్క మాట చాలు. "ఉండదు మేడమ్, చూడకుండ రాసిర్రు" అంటే నా ముప్పై ఒక్క ఏళ్ళ పరువు ఆ గదిలోనే పోయేది.

"నేను ఎక్స్‌రే దగ్గర ఉన్న మేడమ్. నాకు తెల్వదు," అంది ఆ పిల్ల.

"డ్యూటీల ఉండి రెండున్నర గంటలు ఎక్స్‌రే దగ్గర ఏం పని నీకు? అది ఆయమ్మ పని గదా?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. నేల చూపులు చూస్తూ నిలబడింది. నేనూ నోరు విప్పలేదు.

"అంటె పేషెంట్‌ను ఇడిసిపెట్టి పోయినవు. పొద్దుగాల నువ్వు రాసిన ఇరవై ఎనిమిది గూడ తప్పేనేమో. మెమో ఇస్త," అంది సూపరింటెండెంట్. "పోండ్రి."

బయటికొచ్చాం. మెట్లు దిగుతూ ఉంటే నాకు ఏమనిపించిందో చెప్పనా? సిగ్గు కాదు ముందు వచ్చింది. మళ్ళీ కుళ్ళే. చదువులో నాకంటే పైకి పోయింది, సరే. మంచితనంలో కూడా నన్ను దాటిపోవాలా ఈ పిల్ల? రేపు ఆయమ్మ కథలు కథలుగా చెబుతుంది. సగం మెట్ల మీద ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"ఎందుకు చెప్పలే? నన్ను కాపాడి గొప్పదానివి అయితనని అనుకున్నవా?"

ఆ పిల్ల బెదిరిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"గొప్ప ఏంది మేడమ్? ట్రైనింగుకు పోకముందు ఆరేండ్లు నేను గూడ ఇరవై రాసిన. అక్కడ రెండో రోజు క్లాసుల ఊపిరి గురించి చెప్తుంటె, మన వార్డుల పోయినోళ్ళు ఒక్కొక్కలు యాదికొచ్చిర్రు. గా చివరి బెడ్డు బతుకమ్మ పాటలు పాడే అవ్వ, గా ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ళకు ఊపిరి ముందుగాల్నే పెరిగెనేమో. మనం చూసి ఉంటె దక్కుతుండిరేమో. ఎవరు దక్కుతుండిరో, ఎవరు దక్కకపోతుండిరో నాకు తెల్వదు. ఆరు వారాలు ఇంటికొచ్చి అన్నం సయించకపోతుండె. నాకు మీ మీద చెప్పే మొఖం ఏడున్నది మేడమ్?"

చెయ్యి వదిలేశాను. నేనిక్కడ కుళ్ళిపోయిన ఆరు వారాలూ ఆ పిల్ల అక్కడ చచ్చినవాళ్ళను లెక్కపెట్టుకుంటూ కూర్చుందన్నమాట. ఆమెవి ఆరేళ్ళు. నాకు ఆ లెక్క మొదలుపెట్టడానికే భయం వేసింది. ఆ అవ్వ పాట నాకూ గుర్తే. ఆ షీటు మీద సంతకం నాదే.

వెనక్కి తిరిగి మెట్లెక్కాను. సూపరింటెండెంట్ మెమో రాస్తూ ఉంది.

"అది నాకు రాయుర్రి మేడమ్. ఆ పిల్లను ఎక్స్‌రేకు నేనే పంపిన. డాక్టర్‌ను పిలువమంటె పిలువలే. ఇరవై చూడకుండ రాసిన," అన్నాను.

రాస్తున్న మెమో పక్కకు జరిపింది. తర్వాత ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసింది. "రాసియ్యి."

నిలబడే రాశాను. ఫలానా రోజు పదకొండు గంటలకు ఫలానా పేషెంట్ ఊపిరి లెక్కపెట్టకుండా ఇరవై అని వేశానని. చదివి అడిగింది, "గా ఒక్కసారేనా?"

"కాదు మేడమ్. చేరినప్పటి సంది గిట్లనే."

రాసినదాని కింద మరో పంక్తికి కాగితం మీద చోటుంది. అదీ రాయబోయాను. సూపరింటెండెంట్ కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది. ఇవే వార్డుల్లో, ఇవే షీట్లు నింపి పైకి వచ్చిన చెయ్యి అది. కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. నా వైపు చూడలేకపోయింది.

"అది రాయకు," అంది. "గా రోజుదొక్కటే రాసి సంతకం పెట్టు."

పెట్టాను. మెమో నా పేరున వచ్చింది, సర్వీసు రిజిస్టరులో అదొక్కటే మచ్చ. ఆ కాగితం మీద రాయనివ్వని పంక్తి ఇప్పుడు మీకు రాశాను.